మీ వారి జనవరి వేరు, పిల్లల నెల వేరు: జపాన్ మంచుకొండల యాత్ర గురించి

పేరు వేయవద్దని కోరిన ఒక పాఠకురాలు టోక్యో నుంచి పెద్ద ఉత్తరం రాశారు. దాని సారాంశం ఇది. ఆమె భర్త సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఆఫీసు మిత్రులతో వెళ్ళి వెళ్ళి స్కీయింగ్ బాగా నేర్చుకున్నారు. ఎనిమిదేళ్ళ కూతురు అక్కడి ప్రభుత్వ పాఠశాలలో మూడో తరగతి చదువుతోంది, ఇంతవరకూ కాళ్ళకు స్కీలు కట్టుకోలేదు. విజయవాడ నుంచి ఆమె అన్నయ్య కుటుంబం మొదటిసారి జపాన్ రావాలనుకుంటోంది: అన్నయ్య, వదిన, పదో తరగతి చదువుతున్న మేనల్లుడు, ఏడో తరగతి మేనకోడలు, వారితోపాటు మోకాళ్ళ నొప్పులున్న 68 ఏళ్ళ అమ్మ. అందరూ కలిసి మంచుకొండలకు వెళ్ళాలన్న విషయంలో ఎవరికీ పేచీ లేదు, పేచీ అంతా ఏ నెలలో అన్న దగ్గరే వచ్చింది.

జనవరి ఆఖరులో ఉత్తరాన ఉన్న హొక్కైదో దీవిలోని నిసెకోకు వెళ్ళాలని, మార్చిలో వెళితే బురదలో జారినట్టే ఉంటుందని భర్త అంటున్నారు. సంక్రాంతి సెలవులు తప్ప తమకు వీలు కాదని, ఆ తరువాత పిల్లవాడికి పబ్లిక్ పరీక్షలని అన్నయ్య అంటున్నారు. పాపకు చూస్తే శీతకాలపు సెలవులు జనవరి 7 ప్రాంతంలో అయిపోతాయి, మళ్ళీ సెలవులంటే మార్చి చివరి వారమే. "మీవాళ్ళ కోసం ఏడాదికోసారి దొరికే నా సెలవులు పాడుచేసుకోవాలా" అని ఇక్కడ ఈయన, "మేం రావడం ఇబ్బందైతే మొహమాటం లేకుండా చెప్పమ్మా" అని అక్కడ అన్నయ్య అనడంతో ఆమెకు రెండు వైపులా మాట పడుతున్నట్టుంది. నిజంగా ఏది మంచి నెల, అమ్మను ఆ చలిలోకి తీసుకువెళ్ళవచ్చా, ఖర్చు పంచుకుంటానంటున్న అన్నయ్యకు ఏమని చెప్పాలి అని ఆమె అడుగుతున్నారు.

అమ్మా, మీ ఉత్తరంలో అందరూ ఒకే ప్రశ్నకు వేర్వేరు జవాబులు చెబుతున్నట్టు కనిపిస్తోంది గానీ, ఎవరి ప్రశ్న వారిదే. మీ వారు "మంచు ఎప్పుడు బాగుంటుంది" అన్నదానికి జవాబు చెబుతున్నారు, మీ అన్నయ్య "బడి ఎప్పుడుండదు" అన్నదానికి, మీరేమో "అందరూ ఎప్పుడు సంతోషంగా ఉంటారు" అన్నదానికి. మొదటి రెండింటికీ ఖచ్చితమైన జవాబులున్నాయి. మూడోదానికి ఒకే ప్రయాణంలో జవాబు దొరుకుతుందని నేననుకోను. ఎందుకో వివరంగా చెబుతాను.

జపాన్ మంచు సంగతి ముందు చూద్దాం. శీతకాలంలో సైబీరియా నుంచి వీచే గడ్డకట్టే పొడిగాలి జపాన్ సముద్రం మీదుగా వస్తుంది. ఆ సముద్రంలో సుషిమా అనే వెచ్చని ప్రవాహం ఉంది కనుక, గాలి దారిలో తేమను తాగి, అవతలి ఒడ్డున కొండలు తగలగానే దాన్నంతా మంచుగా దించేస్తుంది. అందుకే పశ్చిమ తీరపు కొండల మీద అంత మంచు, తూర్పున మీరున్న టోక్యోలో అదే రోజున పొడి ఎండ. జోఎత్సు షింకన్సెన్ బుల్లెట్ రైలులో వెళ్ళి ఉంటే మీరే చూసి ఉంటారు. కొండలకు ఇవతల గున్మా వైపు నీలాకాశం కింద రైలు 22 కిలోమీటర్ల దైషిమిజు సొరంగంలోకి దూరుతుంది, అవతల నీగాతా వైపు బయటపడేసరికి ఇళ్ళ కప్పులు కనిపించనంత తెలుపు. ఈ గాలి డిసెంబరు మధ్య నుంచి ఊపందుకుని, జనవరిలోను, ఫిబ్రవరి మొదటి భాగంలోను ఉధృతంగా ఉంటుంది. నిసెకోలో ఒక శీతకాలంలో పడే మంచంతా కలిపి లెక్కిస్తే సుమారు 15 మీటర్లు ఉంటుంది. అక్కడి చలికి ఆ మంచు తడి లేకుండా పొడిగా, తేలికగా ఉంటుంది. ప్రపంచం నలుమూలల నుంచి మీ వారి లాంటివారు అక్కడికి చేరేది దీని కోసమే. కాబట్టి జనవరి ఆఖరు అన్న ఆయన మాటలో పొరపాటేమీ లేదు, ఆయన వరకు అదే సరైన నెల.

అయితే ఆ మంచు కురవాలంటే ఆకాశం మూసుకుని ఉండాలి. జనవరిలో నిసెకోలో ఎండ కనిపించే రోజులు చాలా తక్కువ, పగటిపూట కూడా ఉష్ణోగ్రత సున్నాకు దిగువనే ఉంటుంది, కొండమీద గాలి తోడైతే ముఖం మొద్దుబారిపోతుంది. నేల తెలుపు, ఆకాశం తెలుపు, మధ్యలో పడుతున్నదీ తెలుపు కావడంతో ఎదుటి వాలు దిగుతోందో ఎక్కుతోందో కూడా కొత్తవారి కంటికి ఆనదు. ఇక పొడి మంచులో మొదటిసారి పడిన మనిషి లేవడం ఎంత పాటో ఒకసారి ఊహించండి. స్కీలు రెండూ ఎక్కడో లోపల కూరుకుపోయి ఉంటాయి. లేద్దామని చెయ్యి ఆనిస్తే, బియ్యప్పిండి బస్తాలో పెట్టినట్టు మోచేతి దాకా దిగిపోతుందే తప్ప ఆసరా దొరకదు. ఒక స్కీ ఊడిందంటే దాన్ని వెతకడమే పావుగంట పని. నేర్చుకునేవారికి కావలసింది యంత్రంతో తొక్కి చదును చేసిన గట్టి మంచు, దూరం కనిపించే వెలుతురు, నిలబడి మాట వినగలిగే పాటి చలి. మీ వారు ఏది లేకపోతే యాత్రే దండగ అంటున్నారో, సరిగ్గా అదే మీ పాపకు, మేనకోడలికి మొదటి రోజునే విసుగు పుట్టించగలదు. పిల్లల వాలును రోజూ చదును చేస్తారు నిజమే. కానీ రాత్రి మొదలైన మంచు పగలంతా కురుస్తూనే ఉంటే ఆ చదును మధ్యాహ్నం దాకా నిలవదు.

ఇంకొక సంగతి. మంచు ఎక్కువగా కురిసే నెల, మంచు ఎక్కువగా పేరుకుని ఉండే నెల ఒకటి కావు. కురిసినదంతా పేరుకుంటూ పోయి, చాలా కొండల మీద ఫిబ్రవరి చివరికి, మార్చి మొదటికి మందం గరిష్ఠానికి చేరుతుంది. అప్పటికి పగలు కూడా పొడవవుతుంది. హొక్కైదోలోని సప్పొరో నగరంలో జనవరి మధ్యలో నాలుగున్నర లోపే అస్తమించే సూర్యుడు మార్చి మధ్యలో అయిదున్నర దాటాక అస్తమిస్తాడు. సెలవుల గొడవే లేకపోతే, మొదటిసారి స్కీలు కట్టే ఎవరికైనా ఫిబ్రవరి ఆఖరు నుంచి మార్చి మధ్య దాకా వెళ్ళమనే చెబుతాను. మీ ఇంట్లో ఆ రోజుల్లో ఎవరికీ సెలవుల్లేవు కనుక దాన్ని పక్కన పెట్టక తప్పదు. డిసెంబరు గురించి ఒక్క మాట: నెల మొదటి సగంలో మంచు నమ్మకం కాదు, 29 నుంచి జనవరి 3 దాకా జపాన్ దేశమంతా సెలవుల్లో ఉంటుంది, అద్దెలు మండిపోతాయి.

ఇక మీకున్న దారులు.

మొదటిది సంక్రాంతి. ఆంధ్రప్రదేశ్‌లో బడి సెలవులు సాధారణంగా జనవరి 10 ప్రాంతంలో మొదలవుతాయి. జపాన్‌లో జనవరి రెండో సోమవారం జాతీయ సెలవు, 2027లో అయితే అది 11వ తేదీన వస్తుంది. ఆ శని, ఆది, సోమవారాల్లో టోక్యో జనం కొండల మీదే ఉంటారు. కాబట్టి మీవాళ్ళు ఆ మూడు రోజులూ టోక్యోలో విశ్రాంతి తీసుకుని, మంగళవారం తరువాత కొండకు వెళ్ళడం మేలు. పాప ఒకటి రెండు రోజులు బడి మానవలసి వస్తుంది, టీచరుకు ముందుగా చెప్పుకోవాలి. ఈ దారి పట్టేటట్టయితే నిసెకో ఆలోచన మానుకోండి. విమానం, ఆపైన రెండు మూడు గంటల బస్సు, వారం రోజుల విడిది, ఇంతా చేసి మీ అమ్మగారు కిటికీ దగ్గర కూర్చోవడం, ఇవేవీ అవసరం లేదు. నీగాతాలోని యుజావాకు వెళ్ళండి. గాలా యుజావాలో షింకన్సెన్ స్టేషను, స్కీ కేంద్రం ఒకే భవనంలో ఉంటాయి. టోక్యో నుంచి గంటా ఇరవై నిమిషాల ప్రయాణం, రైలు దిగిన చోటే బూట్లు, స్కీలు, బట్టలు అద్దెకు తీసుకుని, తీగకు వేలాడుతూ కొండమీదికి వెళ్ళే గొండోలా ఎక్కవచ్చు. పిల్లలు విసిగిపోయినా, వాతావరణం తిరగబడినా సాయంత్రానికి ఇంటికి వచ్చేస్తారు, మర్నాడు మళ్ళీ వెళ్ళాలో వద్దో ఇంట్లో కూర్చుని తేల్చుకోవచ్చు.

కానీ సంక్రాంతి గురించి మీ ఉత్తరంలో ఎవరూ అనని ఒక మాట నేను అనాలి. మీ మేనల్లుడికి ఆ తరువాత రెండు నెలలకు పదో తరగతి పరీక్షలు. స్కీయింగ్ నేర్చుకునేవాళ్ళు పడతారు, పడకుండా ఎవరికీ రాదు. రెండు కాళ్ళూ ఒకే పలకకు బిగించుకుని జారే స్నోబోర్డు మొదలుపెట్టినవారికి ఎక్కువగా మణికట్టు దెబ్బతింటుంది, స్కీలవారికి మోకాలు, బొటనవేలు. ఎక్కువమంది ఏమీ కాకుండానే తిరిగివస్తారు, భయపెట్టడం నా ఉద్దేశం కాదు. అయినా కుడిచేతికి కట్టుతో పరీక్ష హాల్లో కూర్చునే అవకాశం రవంత ఉన్నా, అది లెక్కలో ఉండాలి కదా. పదిహేనేళ్ళ కుర్రవాడు మామయ్య పెద్ద వాలుల మీద జారుతూ వెళుతుంటే తాను పిల్లల వాలులో ఉంటాడన్న నమ్మకం కూడా నాకు లేదు. సంక్రాంతికే రావాలని మీ అన్నయ్య పట్టుబడితే, అతనికి స్కీలే ఇప్పించి, శిక్షకుడి దగ్గర పెట్టి, స్నోబోర్డు పరీక్షల తరువాతేనని ముందే మాట తీసుకోండి. అన్నయ్య, వదిన ఈ విషయం ఆలోచించారో లేదో నెమ్మదిగా అడగండి.

రెండోది మార్చి చివరి వారం. ఇది మీ పాపకు చక్కగా సరిపోతుంది గానీ మీ అన్నయ్యవాళ్ళకు కుదరదు, అప్పటికి పదో తరగతి పరీక్షలు నడుస్తూ ఉంటాయి. కాబట్టి దీన్ని మీరు ముగ్గురూ వేరుగా మూడు రోజులు వెళ్ళే ప్రయాణంగా చూడమంటాను. బురద అని మీ వారు అన్నది తక్కువ ఎత్తులో ఉన్న కొండల విషయంలో, మధ్యాహ్నం పూట నిజం. నగానోలోని షిగా కోగెన్ లాంటి చోట వాలులు సుమారు 1,300 మీటర్ల నుంచి మొదలై యొకొతెయామా మీద 2,307 మీటర్ల దాకా ఉంటాయి, అక్కడ మార్చి చివర కూడా మంచు గట్టిగానే ఉంటుంది. వసంతపు మంచుకు ఒక దినచర్య ఉంది. రాత్రి గడ్డకట్టి పొద్దున్నే గాజులా ఉంటుంది, తొమ్మిదిన్నర పది గంటలకు పైపొర మెత్తబడుతుంది, ఒంటిగంట దాటాక తడిసి బరువెక్కి స్కీలను పట్టి లాగుతుంది. పాప పాఠం పది నుంచి పన్నెండు మధ్య పెట్టించండి, భోజనం చేసి వచ్చేయండి. మంచు మీద పడి తిరిగివచ్చే ఎండ ముఖాన్ని గంటలో కందగట్టిస్తుంది, క్రీము, చలువ కళ్ళద్దాలు మరవవద్దు. ఈ దారిలో ఉన్న ప్రమాదమల్లా వెచ్చని సంవత్సరాలు. 2019-20 శీతకాలంలో జపాన్ సముద్రం వైపు కొండలకు రికార్డు స్థాయిలో తక్కువ మంచు పడింది. అటువంటి ఏడాది ఎదురైతే ఎత్తైన చోటు తప్ప వేరే దిక్కుండదు, అందుకే మార్చికి ఊరి పేరు కన్నా ఎత్తు చూసి ఎంచుకోమంటున్నాను.

మూడో దారి మీ ఇంట్లో ఎవరి నోటా రాలేదు. ఏప్రిల్ చివర, మే మొదట. అప్పటికి మేనల్లుడి పరీక్షలు అయిపోయి ఉంటాయి, ఆంధ్రాలో ఏప్రిల్ నాలుగో వారం నుంచి వేసవి సెలవులు, మీ పాపకు ఏప్రిల్ 29తో మొదలై మే 5 దాకా గోల్డెన్ వీక్ సెలవులు ఉంటాయి. మధ్యలో ఒకటి రెండు పనిదినాలు అడ్డం రావచ్చు, అంతే. విజయవాడ ఎండల్లో నుంచి మంచులోకి రావడం మీ వదినకు ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. తొయామా దగ్గర తతెయామా కురొబె అనే కొండదారి శీతకాలమంతా మూసి ఉండి ఏప్రిల్ మధ్యలో తెరుస్తారు. 2,450 మీటర్ల ఎత్తున ఉన్న మురొదో దగ్గర, రోడ్డుకు పక్కన మంచును నిలువునా కోసి నిలబెట్టిన గోడ కొన్ని ఏళ్ళలో 15 మీటర్లు కూడా దాటుతుంది, దాని వెంట నడిచి వెళ్ళవచ్చు. అక్కడి దాకా కేబుల్ కారు, బస్సులే తీసుకువెళతాయి. ఎక్కువ నడక లేదు, పైగా ఎండ ఉంటుంది.

దీని నష్టాలు కూడా చెప్పాలి. ఇది మంచు చూసే యాత్ర అవుతుందే గానీ స్కీ యాత్ర కాదు. యొకొతెయామా లాంటి ఎత్తైన ఒకటి రెండు చోట్ల పిల్లలు ఒక పూట సరదాగా జారవచ్చు, వరసగా పాఠాలు తీసుకునేంత మంచు మీద ఆశ పెట్టుకోకూడదు. గోల్డెన్ వీక్‌లో రైళ్ళు, హోటళ్ళు నెలల ముందే నిండిపోతాయి, ధరలు సంక్రాంతి నాటికన్నా తక్కువేమీ ఉండవు. మీవాళ్ళు సెలవులివ్వగానే, 29కి ముందే దిగగలిగితే, పాప బడికి వెళ్ళే రోజుల్లో మీ అన్నయ్యవాళ్ళు మురొదో చూసి రావడం అన్నిటికన్నా తేలిక.

ఈ మూడింట్లో దేనిలోనూ మీ వారి పొడి మంచు లేదని గమనించారా? దాన్ని వీటిలో ఇరికించే ప్రయత్నం మానుకోవడమే మీ ఇంటి గొడవకు విరుగుడని నా అభిప్రాయం. జనవరి ఆఖరి వారంలో నాలుగైదు రోజులు ఆయన్ను తన మిత్రులతో నిసెకో వెళ్ళిరానివ్వండి. ఆ వారం ఎంచుకోవడంలో తెలివి కూడా ఉంది. ఆస్ట్రేలియా బడి సెలవుల రద్దీ అప్పటికి తగ్గుముఖం పడుతుంది, ఫిబ్రవరి మొదట్లో సప్పొరో మంచు ఉత్సవం ఇంకా మొదలై ఉండదు. చైనా కొత్త సంవత్సరం మాత్రం ఏటా మారుతుంది, 2025లో జనవరి 29నే వచ్చింది, 2027లో ఫిబ్రవరి 6న వస్తుంది, అది చూసుకుని తేదీలు వేసుకోమనండి. ఆయన కోరిక తీరాక, పిల్లలతో మెల్లగా జారే రోజు ఆయనకు సెలవు పాడైనట్టు తోచదు. ఆయన ఒక్కరే వెళితే మీకు మనసులో కష్టంగా ఉంటుందా అన్నది ఉత్తరంలో రాయలేదు. ఉంటే, ఆ మాట ఆయనతో ఇప్పుడే చెప్పండి, ఆయన బయలుదేరే ముందు రోజు కాదు.

మీ అమ్మగారి విషయం. చలి కన్నా జారుడు ఎక్కువ ప్రమాదం, అదీ స్కీ వాలు మీద కన్నా హోటలు ముందరి కాలిబాట మీద. పగలు కరిగి రాత్రి గడ్డకట్టే మార్చి నెల ఈ విషయంలో జనవరి కన్నా మంచిదేమీ కాదు. యుజావాలో మంచు కరగడానికి భూగర్భ జలాన్ని రోడ్డు మీదికి చిమ్ముతూ ఉంటారు, అందువల్ల రోడ్డు గడ్డకట్టకపోయినా చీలమండ దాకా చిత్తడిగా ఉంటుంది. చీర కుచ్చిళ్ళు తడిశాయంటే రోజంతా వణకడమే. లోపల ఉన్ని దుస్తులు, పైన పంజాబీ డ్రెస్సో ప్యాంటో, అడుగు జారకుండా, నీరు ఎక్కకుండా ఉండే బూట్లు అవసరమని ముందుగానే ఆవిడను ఒప్పించండి. వేడినీటి బుగ్గల స్నానం మోకాళ్ళకు హాయిగా ఉంటుంది గానీ, పదిమందిలో ఒంటిమీద బట్ట లేకుండా దిగడం ఆవిడకు కుదిరే పని కాదు. కుటుంబానికి విడిగా స్నానపు గది ఇచ్చే విడిది చూడండి. మురొదో ఎత్తు గురించి, ఆవిడకు రక్తపోటో గుండె సమస్యో ఉంటే విజయవాడలోని డాక్టరును ఒక మాట అడగమనండి. ఈ జాగ్రత్తలతో ఆవిడ ఏ నెలలోనైనా రావచ్చు. ఎండ ఉండే ఏప్రిల్‌లో అయితే ఎక్కువసేపు బయట ఉండగలుగుతారు.

డబ్బు దగ్గర మొహమాటం వద్దు. మీ అన్నయ్య పంచుకుంటానన్నది మర్యాదకు అన్న మాటైనా దాన్ని నిజంగానే తీసుకోండి, ఎందుకంటే ఈ ఖర్చులో ముందుగా కనిపించనివి చాలా ఉన్నాయి. లిఫ్టు టికెట్టు, సామాను అద్దె, పాఠాలు మనిషికి ఇంతని రోజూ కట్టాలి. చేతొడుగులు, టోపీ, మంచు కళ్ళద్దాలు చాలాచోట్ల అద్దెకివ్వరు, కొనుక్కోవలసిందే. ఇంగ్లీషులో నేర్పే శిక్షకులు రద్దీ రోజుల్లో చాలా ముందే బుక్కయిపోతారు. విడిది, భోజనం మీవి, విమానం టికెట్లు, కొండమీద ఖర్చులు వారివి అనే పంపకం చాలామంది అన్నాచెల్లెళ్ళకు ఇబ్బంది లేకుండా కుదురుతుంది. ప్రయాణ బీమా మీవాళ్ళే తీసుకుంటారు కాబట్టి, అందులో స్కీయింగ్ దెబ్బలకు వర్తింపు ఉందో లేదో చూసుకోమని చెప్పండి, మామూలు పాలసీలు చాలావాటిలో ఉండదు.

మీ అన్నయ్యకు ఫోన్ చేసినప్పుడు "ఎప్పుడొస్తారు" అని అడగవద్దు, ఆ ప్రశ్నకు ఆయన దగ్గర సంక్రాంతి అన్న ఒక్క జవాబే ఉంది. సంక్రాంతికైతే యుజావాలో రెండు రోజులు, పిల్లవాడికి స్నోబోర్డు లేకుండా. ఏప్రిల్ చివరనైతే తతెయామా మంచు గోడ, స్కీయింగ్ ఒక పూట సరదాకు. ఈ రెండూ చెప్పి, వదినతోను పిల్లవాడితోను మాట్లాడి చెప్పమనండి. ఆ అబ్బాయి అభిప్రాయం మీ ఉత్తరంలో ఎక్కడా లేదు, నాకైతే అతను ఏప్రిల్ అంటాడనిపిస్తోంది. ఏదైనా వీసాకు, టికెట్లకు వ్యవధి కావాలి కాబట్టి రెండు వారాల్లో తేల్చమనండి. మీ వారి నిసెకో బుకింగ్ మాత్రం ఆ జవాబు కోసం ఆపవద్దు, జనవరి ఆఖరి వారం గదులు అప్పటిదాకా ఉండవు.